పాడు చేసుకునే హక్కు

పిల్లలకు ప్రోగ్రామింగు నేర్పే బోర్డు తయారు చెయ్యడం అంత కష్టం కాదండీ. దాన్ని వాళ్ల చేతిదాకా చేర్చడమే బ్రహ్మప్రళయం!

మైక్రోకంట్రోలరంటే ఒక్క చిప్పులో ఇమిడిన బుల్లి కంప్యూటరు. ఇంటెల్ వారు 1980లో తెచ్చిన 8051 మీదే మేము ఓనమాలు దిద్దుకున్నాం. కిట్టు ఒకటి, చుట్టూ పదిమందిమి. మీటలు నొక్కేవాడొకడు; తక్కినవాళ్లం ప్రేక్షకులం. గట్టు మీద నిలబడి ఈత నేర్చుకున్నట్లు!

అందుకే నా బోర్డుకు ఒకే నియమం పెట్టుకున్నాను: పాడవుతుందన్న భయం పిల్లలకు ఉండకూడదు. చిప్పును టంకం వేసి అతికించక సాకెట్లో కూర్చోబెట్టాను. కాలితే పీకి మరొకటి పెట్టుకోవచ్చు. ప్రతి దీపానికీ ఒక రెసిస్టరును కాపలా ఉంచాను. ఈ ఉపాయాలు నావి కావు. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో వంటి బోర్డులు చూపిన దారే.

ఒక హెడ్మాస్టరుగారు ఇరవై కొంటామన్నారు. ఆ నెల ఇంటద్దె నా కళ్ల ముందు మెదిలింది.

"జాగ్రత్తగా బీరువాలో పెట్టిస్తాం లెండి" అన్నారాయన.

"అయితే ఇవ్వలేనండీ" అన్నాను.

ఆయన నవ్వి, ఆరో తరగతి పిల్లనొకతెను పిలిచారు. నేను చూపినట్లు ఆ పిల్ల కంప్యూటరు మీద నాలుగు వరుసలు రాసింది. దీపం వెలగలేదు. ఒక అంకె దిద్దింది, వెలిగింది!

"ఇంకొకటి చెయ్యనా?" అంది, బోర్డు వదలకుండా.

హెడ్మాస్టరుగారు బీరువా మాట మళ్లీ ఎత్తలేదు.