దిద్దుబాటు ఒక మర్యాద

కళను మెచ్చుకొనడం సులభం. తెగనాడడం అంతకంటే సులభం. ఈ రెండింటి నడుమ ఒక ఇరుకుదారి ఉన్నది. ఉర్దూ కవిలోకం దానికి ‘ఇస్లాహ్’ అని పేరు పెట్టింది. శిష్యుడు తన గజలును ఉస్తాదు ముందుంచుతాడు. ఉస్తాదు మాటను సవరించి, నడకను సరిచేసి, భావాన్ని శిష్యునికే విడిచిపెడతాడు. హైదరాబాదులో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖానుకు కవితాగురువైన దాగ్ దెహల్వీకి, పంజాబునుంచి యువకుడైన ఇక్బాల్ గజళ్లను టపాలో పంపి దిద్దించుకొన్నాడు. ఇక దిద్దవలసినది అంతగా లేదని దాగ్ త్వరలోనే తెలియజేసినట్లు ప్రసిద్ధి. ఎక్కడ దిద్దాలో తెలియడంతోపాటు ఎక్కడ ఆగాలో తెలియడం కూడ ఉస్తాదు లక్షణమే.

ఈ మర్యాద బేస్తవారిపేటలో మాకు అక్కరకు వచ్చింది. పలకల పనిమీద బ్రదికే కుటుంబంలోని ఒక యువకుడు, గిటారుపై తానే కట్టిన బాణీని రెండు పొరలుగా వాయించి, సెల్‌ఫోనులో రికార్డు చేసి మాకు వినిపించాడు. మాటలు లేవు, నిడివి ఆరు నిమిషాలు. నల్లమలపై పొద్దుగూకే వేళను వినిపించాలని అతని కోరిక. “అందరూ బాగుందంటారు సార్. యాడ బాగలేదో ఎవురూ చెప్పరు. మీరూ అదే మాటంటే గిటారు అమ్మేస్తా” అన్నాడు.

మూడుసార్లు విన్నాము. ముందుగా బలాన్ని చెప్పాము. నాలుగు స్వరాల చిన్న పలుకు తిరిగి వచ్చిన ప్రతిసారీ ఒక స్వరాన్ని విడుస్తూ, వెలుగు తరిగిపోతున్న భావన కలిగించింది. దానిని పోగొట్టుకోవద్దన్నాము. తరువాత లోపాలు. ప్రతిధ్వని అతిగా కలిపినందున ఒక మీటు ఆరకముందే మరొకటి దానిపై పడి స్వరాలు కలగాపులగమైనవి. దూరం తెలియాలంటే దగ్గర కూడ ఉండాలి. కనుక ఒక పొరకు ప్రతిధ్వని తగ్గించమన్నాము. రెండు పొరలూ మంద్రస్థాయిలోనే ఒరుసుకొంటున్నవి. రెండవదానిని పై మెట్లలో వాయించమన్నాము. మూడవ నిమిషం తరువాత సన్నతీగ శ్రుతి దిగింది. ప్రతి రికార్డుకు ముందు శ్రుతి చూసుకొమ్మన్నాము. ఆరంభంలో నిమిషంన్నరసేపు గాలిసవ్వడి తప్ప మరేమీ లేదు. దానిని సగం చేయమన్నాము.

వాతావరణమంటే మసక కాదని తెలుపడానికి 1967 నాటి ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ని వినమన్నాము. శివకుమార్ శర్మ సంతూరు, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు కలిసి కాశ్మీరులోని ఒక గొల్లవాని దినచర్యను రాగాలలో చెప్పిన సంపుటి అది. వేకువకు అహిర్ భైరవ్, చివరకు పహాడీ. ఒక వాద్యం పలికేటప్పుడు తక్కినవి ఎట్లా చోటిస్తాయో గమనించమన్నాము.

వారం తరువాత అతడు కొత్త ప్రతి తెచ్చాడు. మీటులు విడివిడిగా వినిపించినవి, శ్రుతి నిలిచింది. గాలిసవ్వడిని మాత్రం తగ్గించలేదు. “మా కొండకింద చీకటి అంత నిదానంగానే పడుతుంది సార్” అన్నాడు. మేము మారుపలుకలేదు. సలహా మాది, పాట అతనిది. గిటారు అమ్మే మాట మరల ఎత్తలేదు.

విద్యార్థి మిత్రులారా, మిత్రుని కృతికి ‘భేష్’ అని ఊరుకోకండి. సంఘంవారికీ ఒక మనవి: పోటీలలో పాల్గొన్న ప్రతి విద్యార్థికి, బహుమతి వచ్చినా రాకున్నా, రెండు వాక్యాలు వ్రాసి ఇవ్వండి. ఏది నిలుపుకోవాలో ఒకటి, ఏది దిద్దుకోవాలో ఒకటి. అంతమాత్రానికే ఒక గిటారు ఇల్లు విడువకుండా ఉండవచ్చును.