లేవని స్త్రీ, లేచిన స్త్రీ

ప్రియ చదువరీ, కూర్చున్న చోటునుండి నిన్నెవరైనను లేపిరా? లేక నీవే యెవరినైనను లేపితివా? నేను లేపితిని. గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అమెరికాలోని అలబామా రాష్ట్రములో మంట్‌గామరీ యను పట్టణము గలదు. ఒకప్పుడు అక్కడి బస్సులలో ముందు వరుసలు తెల్లవారివి, వెనుక వరుసలు నల్లవారివి. ఇది ఆచారము మాత్రమే కాదు, చట్టము. ఇట్టి వేర్పాటు చెల్లునని 1896లో ఆ దేశపు సుప్రీముకోర్టే తీర్పు చెప్పియుండెను. 1955 డిసెంబరు 1వ తేది సాయంకాలము రోసా పార్క్స్ అను కుట్టుపని చేయు స్త్రీ పని ముగించుకొని బస్సెక్కెను. ఒక తెల్లవాడు నిలువబడియుండగా, ఆమెను మరి ముగ్గురిని లెమ్మని డ్రైవరు చెప్పెను. ముగ్గురు లేచిరి, ఆమె లేవలేదు. పోలీసులు ఆమెను పట్టుకొనిపోయిరి.

డిసెంబరు 5 మొదలు నల్లవారు ఆ బస్సులెక్కుట మానిరి. ఇండ్లలో వంటపని, పాచిపని చేయు స్త్రీలు మైళ్లకొలది నడిచిరి. సంఘములు మోటారు బండ్లు నడిపి కొందరిని చేరవేసెను. రాత్రులు గుడులలో కూడి ప్రార్థించి ధైర్యము తెచ్చుకొనిరి. 26 ఏండ్ల పాస్టరు మార్టిన్ లూథర్ కింగు వారికి నాయకుడాయెను. 1956 జనవరి 30న ఆయన యింటిమీద బాంబు వేసిరి. లోపలనున్న భార్యకును పసిబిడ్డకును దేవుని కృపవలన హాని కలుగలేదు. కోపముతో కూడివచ్చిన జనులను ఆయనే శాంతపరచి పంపెను. 381 దినములు గడచెను. ఆ బస్సు చట్టము చెల్లదని సుప్రీముకోర్టు నిర్ణయించెను. 1956 డిసెంబరు 21న వారు తమకిష్టమైన చోట కూర్చుండిరి.

ఇది చదివి సంతోషించితిని. ఆ డ్రైవరును నిందించితిని. అంతలో మా పంట పండుగ జ్ఞాపకము వచ్చెను. ప్రేమవిందులో వేరొక పేటనుండి వచ్చిన యొక ముసలితల్లి మా వరుసలో కూర్చుండెను. “అవ్వా, ఆ వరుసలో కూర్చో” అంటిని. ఆమె మారుమాటాడక విస్తరి తీసుకొని లేచెను.

ఏ చట్టమును నన్నట్లు చేయుమనలేదు. మన రాజ్యాంగము 1950లోనే అంటరానితనమును రద్దు చేసెను గదా! కాగితముమీద కొట్టివేయబడినది నా నోటిలో మిగిలియుండెను.

మరునాడు ఆమె యింటికి పోయి క్షమించుమని అడిగితిని. ఆమె చాప దులిపి పరచి, “కూర్చో నాయనా” అనెను. ఆ చోటుకు నేను పాత్రుడను కాను.

చదువరీ, వచ్చు ఆదివారము మీ గుడిలో కన్నులెత్తి చూడుము. ఎవరును చెప్పకయే వెనుకకు పోవుచున్నదెవరు?