చదవరానిదల్లా ఖాళీ కాదు

మా హాస్టలు గదిలో ముగ్గురికీ కలిపి ఒకటే కంప్యూటరు. డిస్కులో సగం విండోస్‌ది, సగం లినక్స్‌ది. అన్నదమ్ముల చేలకు మల్లే మధ్యన గట్టు. లినక్స్ ఆ గట్టు దాటి విండోస్ తాలూకు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైళ్ళు చదువుతుంది, రాస్తుంది; 2021లో వచ్చిన 5.15 కెర్నెల్‌లో ఇందుకు కొత్త డ్రైవరు చేర్చారు. విండోస్‌కు మాత్రం లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 నేరుగా చదవడం రాదు. ఆ భాగానికి డ్రైవు అక్షరమిచ్చి తెరవబోతే, ముందు ఫార్మాట్ చెయ్యమంటుంది.

"ఖాళీదేనన్నా, నొక్కెయ్యనా?" అన్నాడు మొన్న మా గదిలోని జూనియరు. ముగ్గురి ప్రాజెక్టు లెక్కలూ అందులోనే! వద్దని ఆపి, లినక్స్‌లో తెరిచి చూపించాను.

బీడు పెట్టిన చేను దారినపోయేవాడికి ఖాళీ జాగాయే. మిత్రులారా, మనకు చదవరానిదల్లా ఖాళీ కాదు. వేరేచోట నకలు దాచుకోకుండా ఫార్మాట్ జోలికి పోకండి.