బాన్ చెట్టు

ఎడారిలో చెట్ల పరిచయమేమిటని నవ్వకండి. అల్‌ఉలా కొండలోయలో ఒక చెట్టు నిండా పొడుగాటి కాయలు చూసి మా ఆవిడ "మునక్కాయలండీ!" అంది. పులుసుకు కోయబోతే ఆపాను. వైద్యుణ్ణి గదా, పేరు తేలనిది పొయ్యెక్కనివ్వను.

చెట్టుకు ఆకుల్లేవు. చీపురుపుల్లల్లా వేలాడేవి చిట్టి ఆకులు రాలగా మిగిలిన ఈనెలు. కింద పడిన ఎండుకాయ మూడు పలకలుగా విడింది, అచ్చం మన మునగే. తేడా గింజలో ఉంది: మన మునగ గింజకు పల్చటి రెక్కలు మూడుంటాయి, దీనికి లేవు. అరబ్బులు బాన్ అంటారు, గింజలనుంచి నూనె తీస్తారు. శాస్త్రనామం మొరింగా పెరెగ్రినా. పెరెగ్రినా అంటే లాటిన్‌లో పరదేశి. ఈ నేలలోనే పుట్టినదాన్ని పట్టుకుని!

మునగచెట్టు ఎరగని మా అమ్మాయి రెండు గింజలు జేబులో వేసుకుంది, అమ్మమ్మకు చూపించాలట.