స్టెప్పులు లేని లెక్క

"టీచర్‌గారూ, మీ మేడమీద సోలారు పెట్టినాయన మంచివాడేనా? మా ఇంటి పని కూడా ఆయనకే ఇచ్చేద్దామనుకుంటున్నాం."

ఈమధ్య కాలంలో ఈ ప్రశ్న నన్ను కనీసం పదిమంది అడిగి ఉంటారు. కూరగాయల బండి దగ్గర ఒకరు, గుడిలో ప్రదక్షిణలు చేస్తూ ఒకరు, పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీలో కూర్చుని ఇంకొకరు. అందరికీ అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పేయాలి. ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, సూటిగా జవాబు చెప్పడం నాకు కొత్తేం కాదు. కానీ ఈ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నాకు నోరు పెగలదు.

గుంటూరులో మా ఇల్లు 1989లో కట్టుకున్నాం. ఇద్దరి జీతాల మీదా లోను పెట్టి, నా గాజులు బ్యాంకులో పెట్టి, మావారు సెలవు పెట్టి దగ్గరుండి గోడలు తడిపి కట్టించుకున్న ఇల్లు. ముప్ఫై అయిదేళ్లయ్యేసరికి దానికీ మాలాగే వయసు మీదపడింది. వరండాలో శ్లాబు పెచ్చులూడుతోంది. బాత్‌రూములో పైపులు తుప్పు పట్టాయి. వంటింటి గట్టు నా నడుముకి సరిపడటం లేదు. మేలో కరెంటు బిల్లు మూడున్నర వేలు దాటుతోంది.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకం ప్రకటించింది. ఇంటిమీద మూడు కిలోవాట్ల సోలారు పెట్టుకుంటే 78 వేల రూపాయలు రాయితీ. ఆ వార్త చదివి మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. "అమ్మా, ఎలాగూ ఇల్లు బాగు చేయించాలంటున్నారుగా, రెండూ ఒకేసారి చేయించండి. మళ్లీ మళ్లీ దుమ్మెందుకు?" అన్నాడు. మాటైతే బాగానే ఉంది.

సరిగ్గా అప్పుడే దొరికాడు మావాడు. మావాడంటే చుట్టం కాదు, నా దగ్గర పదో తరగతి చదువుకున్న పిల్లాడు. ఇప్పుడు నలభై ఏళ్లవాడు. ఇళ్ల రీమోడలింగూ, సోలారూ రెండూ చేయిస్తాడట. గేటు దగ్గర చెప్పులు విడిచి వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. ఇల్లంతా తిరిగి చూశాడు. ఓ చిన్న కాగితం ముక్క మీద కూడికలు వేసి, "ఇంటి పని ఆరున్నర, సోలారు రెండు. మొత్తం ఎనిమిదిన్నరకి చేసేస్తాను టీచర్‌గారూ. మీరింక ఏమీ చూసుకోవద్దు, అంతా నాకు వదిలేయండి" అన్నాడు.

మావారు నన్ను వంటింట్లోకి పిలిచి, "ఏమేం చేస్తాడో, ఏ సామాను వాడతాడో కాగితం మీద రాయించుకోవే" అన్నారు. "ఊరుకోండి, నా శిష్యుడు. రాసివ్వమంటే నేను నమ్మనట్టు కాదూ!" అన్నాను. అదీ మన మొహమాటం. ఆ సాయంత్రమే నాలుగు లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. అది నా రిటైర్‌మెంటు డబ్బు.

ఇక్కడ ఓ సంగతి చెప్పాలి. స్కూల్లో ఆ పిల్లాడికి జవాబు కరెక్టుగా వచ్చేది గానీ, మధ్యలో స్టెప్పులు రాసేవాడు కాదు. "స్టెప్పులు లేని లెక్కకి మార్కులు లేవురా" అని ఎన్నిసార్లు చెప్పానో! చివరికి నేనే ఒక కాగితం ముక్క మీద జవాబు మాత్రం చూసి సంతకం పెట్టినంత పని చేశాను.

పని మొదలైంది. మొదటి నెల పరుగులు పెట్టింది. ఆ తర్వాత మే 13న ఓట్లని శ్రీకాకుళం వెళ్లిన మేస్త్రీ పదిరోజులు దాటినా రాలేదు. వచ్చాక తాపీ పని ఉంటే టైల్స్ రావు, టైల్స్ వస్తే ప్లంబరు రాడు. హాల్లో స్టవ్వు పెట్టుకుని, పడగ్గదిలో బియ్యం డబ్బాలు పెట్టుకుని నెలన్నర కాపురం చేశాం. ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, కట్టిన ఇంట్లో ఉంటూ బాగు చేయించి చూడమని పెద్దలెందుకు అనలేదో!

అయితే పని బాగోలేదంటే కళ్లు పోతాయి. వంటింటి గట్టు నా ఎత్తు కొలిచి మరీ కట్టించాడు. అడగకుండానే బాత్‌రూములో పట్టుకోవడానికి స్టీలు రాడ్డు బిగించాడు. "సార్‌కి మోకాళ్ల నొప్పులు కదండీ" అన్నాడు. కన్నకొడుక్కి కూడా తట్టని విషయం అది. శ్లాబు మీద వాటర్‌ప్రూఫింగు చేయించాడు. జూన్‌లో సోలారు వాళ్లొచ్చి ఆరు పలకలు నిలబెట్టారు. ఒక్కోటి 540 వాట్లు. దక్షిణం వైపు వాలుగా, నల్లగా మెరుస్తుంటే మావారు వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసొచ్చారు.

చివరి యాభైవేలు పని పూర్తయ్యాక ఇద్దామనుకున్నాం. ఈలోగా "పిల్లల ఫీజులు కట్టాలి టీచర్‌గారూ" అన్నాడు. ఇచ్చేశాం.

నెట్ మీటరు బిగించడానికి మరో నెల పట్టింది. అదొచ్చేదాకా పలకలు ఊరికే ఎండలో కాగుతూ కూర్చున్నాయి. జూలై ఆఖర్లో స్విచ్చి వేశారు. మంచి ఎండ కాస్తే రోజుకి పన్నెండు యూనిట్లు. మనం వాడుకోగా మిగిలింది లైన్లోకి పోతుంది, రాత్రి మనకి కావలసింది లైన్లోంచి వస్తుంది. రెండింటికీ తేడా కట్టి బిల్లు వేస్తారు. కూడికలూ తీసివేతలే కాబట్టి నాకు తేలిగ్గానే అర్థమైంది.

అర్థం కానిది ఆగస్టులో ఓ మధ్యాహ్నం అర్థమైంది. లైను రిపేరని కరెంటు తీశారు. నెత్తిన ఎండ మండిపోతోంది. పైన ఆరు పలకలున్నాయి. కింద ఫ్యాను తిరగదు! చెడిపోయిందేమోనని ఫోను చేస్తే, "అది అంతేనండీ. లైన్లో కరెంటు లేకపోతే మనది కూడా ఆగిపోతుంది. లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్‌కి మన కరెంటు కొడుతుంది. కరెంటు పోయినప్పుడు కూడా కావాలంటే బ్యాటరీలు విడిగా పెట్టించుకోవాలి" అన్నాడు. న్యాయమే. కానీ ఆ మాట ఏప్రిల్లో చెప్పాలి కదా! "మీరడగలేదు కదండీ" అన్నాడు. తెలిస్తే కదా అడగడానికి!

అసలు కథ ఆగస్టు 31న. శనివారమంతా ఆగకుండా వాన. రాత్రి రెండింటికి మంచం మీద చుక్క పడింది. లేచి లైటు వేసి చూస్తే పడగ్గది పైకప్పు మీద నాలుగుచోట్ల చెమ్మ. కొత్త పుట్టీ, కొత్త రంగు ఉబ్బిపోయి ఉన్నాయి. బకెట్లు పెట్టి తెల్లవార్లూ కూర్చున్నాం. తెల్లారాక గొడుగు వేసుకుని మావారు పైకి వెళ్లి చూసొచ్చారు. సంగతి తేలిపోయింది. ముందు వాటర్‌ప్రూఫింగు చేశారు, తర్వాత సోలారు వాళ్లొచ్చి స్టాండు కాళ్ల కోసం అదే శ్లాబుకి డ్రిల్లింగు మిషనుతో కన్నాలు పెట్టి బోల్టులు బిగించారు. ఎవరి పని వాళ్లు చేసిపోయారు. రెండు పనులూ కలిసేచోట చూసేవాడు లేడు. ఆ చూసేవాడు ఉంటాడనే కదా రెండూ ఒకడికే ఇచ్చింది!

ఫోను చేశాను. స్విచాఫ్. సోమవారం స్విచాఫ్. మంగళవారమూ అంతే. డబ్బంతా ముట్టింది కాబట్టి ఇక ఎత్తడనుకున్నాను. "నీ శిష్యుడు" అని మావారు ఒక్కసారే అన్నారు. ఆ ఒక్కమాటకే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పోయింది డబ్బొక్కటే అయితే అంత బాధ ఉండేది కాదు. పాతికేళ్ల క్రితం మొదటి బెంచీలో కూర్చున్న పిల్లాడు కూడా పోయాడనిపించింది.

ఎదురింట్లో బ్యాంకులో రిటైరైనాయన ఉంటారు. ఆయనా మావాడితోనే చేయించారు. వాళ్లింట్లో చుక్క దిగలేదు. ఎందుకని అడిగితే నాలుగు పేజీల కాగితాలు తెచ్చి చూపించారు. ఏ కంపెనీ వైరు, ఎంత మందం పైపు, ఏ పని అయ్యాక ఎంత డబ్బు, అన్నీ ఉన్నాయి. బోల్టులు శ్లాబులోకి దిగకుండా పైన కాంక్రీటు దిమ్మెలు పోసి వాటికి స్టాండు బిగించాలని కూడా రాయించారు. పదిశాతం డబ్బు మొదటి వాన వెళ్లాకే ఇచ్చారట! "అతను ఏమీ అనుకోలేదా అన్నయ్యగారూ?" అన్నాను. "ఎందుకనుకుంటాడమ్మా? అతనికీ అదే సుఖం. ఏం చెయ్యాలో తెలుస్తుంది" అన్నారు.

వెనక వీధిలో పిన్నిగారి అనుభవం ఇంకో రకం. వాళ్లు తక్కువలో కావాలని పట్టుబట్టారు. తక్కువలోనే చేశాడు. ఏడాది తిరక్కుండా సింకు కింద చెక్క ఉబ్బి తలుపు పడటం లేదు. సోలారు పలకలు కూడా చవకరకం బయటివి పెట్టించుకున్నారు. ఈ పథకంలో రాయితీ రావాలంటే సెల్లు దగ్గర్నుంచి మన దేశంలో తయారైన పలకలే ఉండాలి. ఆ సంగతి ఆయన చెప్పలేదని వీళ్లు, చెప్పినా ఖరీదెక్కువని వద్దన్నారని ఆయన. కాగితం లేదు కాబట్టి ఎవరిది నిజమో ఇప్పుడు ఆ దేవుడికే తెలియాలి.

ఒకే మనిషి. మూడిళ్లు. మూడు రకాల పని.

తొమ్మిదోరోజు పొద్దున్నే గేటు చప్పుడైంది. చూస్తే మావాడు. మాసిన గడ్డం, కాలికి కట్టు. విజయవాడ సింగ్‌నగర్‌లో వాళ్లక్క కాపురం. బుడమేరు పొంగి ఆదివారం పొద్దుటికి ఇంట్లోకి నీళ్లొచ్చేశాయట. వీళ్లు వెళ్లి ముసలి అత్తగారితో సహా అందర్నీ నడుంలోతు నీళ్లలో మోసుకొచ్చారట. ఫోను ఆ నీళ్లలోనే పోయింది. ఇన్నాళ్లూ టీవీలో ఆ వరద చూస్తూ అయ్యో పాపం అనుకుంటూనే, పక్కన ఫోను పట్టుకుని ఇతణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాను నేను.

కాఫీ ఇచ్చాను. తాగాక పైకి తీసుకెళ్లి బోల్టులు చూపించాను. జాలి వేరు, శ్లాబు వేరు. చాలాసేపు చూసి, "తప్పు నాదే టీచర్‌గారూ. సోలారు పని కుర్రాళ్లకి వదిలేసి నేను వేరే సైటుకి పోయాను" అన్నాడు. ఆ మాట కోసమే కాబోలు తొమ్మిదిరోజులు ఎదురుచూశాను, కోపం సగం దిగిపోయింది.

కానీ ఈసారి మొహమాటపడలేదు. పాత రూళ్ల పుస్తకం తెచ్చి కూర్చున్నాను. ఒకటి, కన్నాల్లో గ్రౌటు నింపడం. రెండు, ప్రతి కాలి కిందా దిమ్మె పొయ్యడం. మూడు, మళ్లీ వాటర్‌ప్రూఫింగు. నాలుగు, నీళ్లు నిలబెట్టి పరీక్ష. అయిదు, లోపల రంగు. కూలీ అతనిది, మెటీరియల్‌లో సగం మాది. తేదీ వేసి ఇద్దరం సంతకాలు పెట్టాం. కాగితం చూసి నవ్వాడు. "స్టెప్పులు రాయించారు" అన్నాడు.

అప్పటికి పైన సీలెంటు పూసి వెళ్లాడు. కార్తీకం దాటి శ్లాబు బాగా ఆరాక, డిసెంబరులో దగ్గరుండి చేయించాడు. చుట్టూ గట్టు కట్టి రెండురోజులు నీళ్లు నిలబెట్టాం. చుక్క దిగలేదు. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు నేను మాత్రం అలవాటు కొద్దీ బకెట్లు దగ్గర పెట్టుకునే పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే ఖాళీగానే ఉన్నాయి.

78 వేల రాయితీ నేరుగా మా బ్యాంకు ఖాతాలోనే పడింది. మే నెల బిల్లు మూడున్నర వేల నుంచి వందల్లోకి దిగింది. సున్నా మాత్రం కాదు, ఫిక్స్‌డు చార్జీలు ఎప్పుడూ ఉంటాయి. పలకలు తెల్లారగట్లే చల్లగా ఉన్నప్పుడు కడుగుతున్నాం, వేడి మీద నీళ్లు పోస్తే అద్దానికి మంచిది కాదట. అయిదేళ్లు నిర్వహణ పెట్టినవాళ్లదేనని పథకం ఒప్పందంలోనే ఉంది. నేను చదవకుండా సంతకం పెట్టిన కాగితాల్లో అదీ ఒకటి!

బాత్‌రూములో వాటం మాత్రం ఇప్పటికీ తేడాయే. నీళ్లు జాలీ వైపు కాకుండా తలుపు వైపు వస్తాయి. రోజూ పొద్దున్నే వైపరుతో నెడుతూ అతణ్ణి ఓ మాట అనుకుంటాను. నెట్టడం అయ్యాక, మావారు స్టీలు రాడ్డు పట్టుకుని జాగ్రత్తగా అడుగేసి బయటికొస్తారు. అప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటాను.

మొన్న మళ్లీ ఎవరో అడిగారు, ఆయన మంచివాడేనా అని. లోపలికి వెళ్లి ఎదురింటాయన నాలుగు పేజీల జిరాక్సు తెచ్చి చేతిలో పెట్టాను. "ముందు ఇది రాయించుకోండి. అప్పుడు మంచివాడే" అన్నాను.