దామెర్లవారి చిత్రశాల

అమలాపురం నుంచి కొత్తపేట మీదుగా రావులపాలెం చేరి, గౌతమిని దాటి వెళితే రాజమహేంద్రవరం వస్తుంది. ఆ ఊళ్ళో కోనసీమ పిల్లలు తప్పక చూడవలసినది దామెర్ల రామారావు చిత్రశాల.

రామారావు 1897లో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ అతనికి బొమ్మలంటే ప్రాణం. అప్పట్లో అక్కడి ఆర్ట్సు కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే దొర ప్రిన్సిపాలు. స్వయంగా చిత్రకారుడైన ఆ దొర కుర్రవాడి నేర్పు గ్రహించి, బొంబాయిలోని జె.జె. కళాశాలలో చదివేందుకు సాయపడ్డాడు. చదువు ముగించి రామారావు సొంత ఊరికే తిరిగివచ్చి, చిత్రకళ నేర్పే పాఠశాల పెట్టాడు.

ఆయన బొమ్మల్లో కొండల నడుమ పారే గోదావరి ఉన్నది. పూలతో అలంకరించుకునే స్త్రీలున్నారు. మీరు కథల్లో చదివిన ఋష్యశృంగుడూ ఉన్నాడు.

1925లో మశూచికం సోకి రామారావు మరణించాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు! టీకాల మూలంగా ఆ జబ్బు ఇప్పుడు లోకంలోనే లేదు. ఆ సంగతి 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

పిల్లలూ, చిత్రశాలకు వెళితే బొమ్మలను చేత్తో తాకకండి. చేతి చెమట తగిలితే పాత రంగులు చెడిపోతాయి. చెడిపోతే, మళ్ళీ వేసి ఇవ్వటానికి రామారావు లేడు.