జంతర్‌మంతర్‌కు రెండు పుట్టిన సంవత్సరాలు

ఢిల్లీ జంతర్‌మంతర్‌లో అడుగుపెట్టగానే చూపు సమ్రాట్ యంత్రం మీదే పడుతుంది. దాదాపు 70 అడుగుల ఎత్తుకు ఏటవాలుగా లేచిన గోడ, దాని నీడను బట్టి పొద్దు చెప్పే వంపులు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం 1910లో బిగించిన ఒక పలక. రాజా సవాయి జైసింగ్ ఈ వేధశాలను 1710లో కట్టించాడని అందులో ఉంది. చరిత్రకారులు ఎక్కువమంది 1724 అంటారు. నా మొగ్గూ అటే. జైసింగ్ తన ఖగోళ పట్టికలకు పెట్టింది మొఘల్ పాదుషా మహమ్మద్ షా పేరు, పీఠికలో చెప్పింది ఆ పాదుషా ఆజ్ఞ గురించి. మహమ్మద్ షా గద్దెనెక్కిందే 1719లో.

ఈ రెండు సంవత్సరాలూ కంప్యూటర్ వాడుకునే ఒకే సమాచార నిధిలోకి, అంటే నాలెడ్జ్ బేస్‌లోకి చేరాయనుకుందాం. మామూలు తర్కంలో ఒక్క వైరుధ్యం దొరికితే చాలు, దేన్నైనా రుజువు చేయవచ్చు. ‘1710లో కట్టారు’ నిజమైతే ‘1710లో కట్టారు, లేదా చార్మినార్ ఢిల్లీలో ఉంది’ అన్నదీ నిజమే. ‘లేదా’కు ఒక సగం నిజమైతే సరిపోతుంది. 1724 అన్న సమాచారం ‘1710లో కట్టలేదు’ అంటుంది. మొదటి సగం కొట్టుకుపోయి, చార్మినార్ ఢిల్లీకి వచ్చేస్తుంది! ఏ అడుగులోనూ తప్పు కనబడదు. పారాకన్సిస్టెంట్ లాజిక్, అంటే వైరుధ్యం ఉన్నా దేన్నిపడితే దాన్ని రుజువు కానివ్వని తర్కం, అడ్డుకట్ట వేసేది ఇక్కడే. బ్రెజిల్‌లో న్యూటన్ ద కోస్టా 1963లో ఇలాంటి తర్కాలను నిర్మించాడు. 1977లో న్యూఎల్ బెల్నాప్ కంప్యూటర్‌ను దృష్టిలో పెట్టుకుని నాలుగు విలువలు ప్రతిపాదించాడు: నిజమని విన్నది, అబద్ధమని విన్నది, ఏదీ విననిది, రెండూ విన్నది. పలక మీది మాట నాలుగో గదిలో పడుతుంది. చార్మినార్ హైదరాబాద్ దాటి కదలదు.

తప్పుడు సంవత్సరాన్ని తీసేస్తే సరిపోదా అని అడగవచ్చు. ఏది తప్పో తేలేదాకా రెండింటినీ పక్కపక్కన పెట్టుకునే ఆలోచించాలి కదా. తేలాక కూడా పలకను చెరిపేస్తే, ఆ పొరపాటు ఎక్కడి నుంచి పాకిందో చెప్పే ఆధారం పోతుంది. ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది: ‘ఇదో, అదో, ఇది కాదు, కాబట్టి అదే’ అని మనం రోజూ చేసే నిర్ణయాన్ని బెల్నాప్ పద్ధతి అన్నిచోట్లా ఒప్పుకోదు. అది నిజమైన నష్టమే. అయితే వైరుధ్యం అంటని మాటల దగ్గర ఆ సూత్రాన్ని తిరిగి వాడుకునే వీలు ద కోస్టా తర్కాల్లోనే ఉంది. నా లెక్కలో చెల్లించదగిన ధరే.

ఇదే ఆవరణలో ఉన్న మిశ్ర యంత్రాన్ని జైసింగ్ తర్వాత ఆయన కొడుకు మాధోసింగ్ కట్టించాడని కొందరి అభిప్రాయం. అదే సరైతే, 1724 కూడా జంతర్‌మంతర్ మొత్తానికి చెల్లే సంవత్సరం కాదు.